పదిహేడు గింజల శంక

రెండు వాగుల మధ్య చిక్కిన ఆ బడిలో మూడో వాగు గవర్రాజు మాస్టారు. ముందు వాగూ వెనక వాగూ వానాకాలంలోనే పొంగుతాయి. మాస్టారు పన్నెండు మాసాలూ పొంగుతాడు. తండ్రి సింహాచలం శ్రీకాకుళం వైపు నుంచి కిరందుల్ గనుల్లో ఇనుపరాయి తవ్వడానికి వచ్చాడు. కొడుకు పిల్లల బుర్రలు తవ్వడానికి దిగాడు. "మా నాయనది ఇనుము, నాది వినుము" అని ఆయనే చెప్పుకుని, ఆయనే ముందుగా నవ్వేస్తాడు.

తను కాపురముండే ఉసూర్‌కు అవతలున్న ఈ ఊరికి ఆయన పదిరోజుల పని మీద వచ్చాడు. ఓపెన్ స్కూల్ పదో తరగతి పరీక్ష కట్టిన పెద్దవాళ్ళకు లెక్కలు చెప్పాలి. మొదట ఆరుగురు కూర్చున్నారు. వాన ముదిరేసరికి ఐదుగురు "పొలం మునిగింది సారూ" అంటూ ముందు వాగు దాటిపోయారు. పొలం మునిగిన మాట నిజమే. లెక్కల్లో మునగడం కంటే అదే నయమనుకున్న మాటా నిజమే. ఎనిమిదో రోజు పొద్దున్నే రెండు వాగులూ కూడబలుక్కున్నట్టు ఒకేసారి లేచాయి. ఫోను సిగ్నలు అంతకు ముందే పోయింది. బడిలో మిగిలింది ముగ్గురు: మాస్టారు, వంట చేసే ముసలి ఆయతు, పొజ్జే.

పొజ్జే ఆ ఊరి అంగన్‌వాడీలో సహాయిక. పదకొండేళ్ళుగా పిల్లలకు వండి, తినిపించి, ముక్కులు తుడిచి పంపుతోంది. పైనున్న కార్యకర్త కొలువు ఖాళీ అయింది. దీపావళిలోగా పదో తరగతి కాగితం చూపిస్తే ఆ కుర్చీ ఆమెది. చూపించకపోతే ఆ పిల్లల మాటలో ఒక్క ముక్క రాని బయటి ఊరి మనిషిది. మిగతా సబ్జెక్టులన్నీ గట్టెక్కాయి. లెక్కలు రెండుసార్లు ముంచాయి. మూడోసారి పరీక్ష శుక్రవారం, ఉసూర్‌లో. ఇవాళ బుధవారం.

అయితే మాస్టారిని బిగించి పట్టుకున్నది వాగులు కావు, పొజ్జే. ఇరవై రెండేళ్ళ నౌకరీలో ఎవరైనా 'ఎందుకు' అని అడిగితే ఆయన ఒక చెణుకు విసిరేవాడు. పిల్లలు నవ్వేవారు. ఆ నవ్వులో 'ఎందుకు' కాస్తా ఎందుకూ కొరగాకుండా పోయేది. పొజ్జేకు గోండీ, దోర్లీ, తెలుగు, హిందీ, నాలుగూ వచ్చు. ఏ భాషలోనూ నవ్వదు.

"శంకువు ఘనపరిమాణం స్థూపంలో మూడో వంతు," అన్నాడు మాస్టారు నల్లబల్ల మీద రెండు బొమ్మలు గీసి. "మీ హిందీ పుస్తకం స్థూపాన్ని బేలన్ అంటాది. బేలన్ అంటే ఏటి? చపాతీ కర్ర! మా ఆవిడ గంగారత్నం ఆ కర్ర పట్టుకుందంటే నాకు పుట్టేది శంక. అదే శంకువు!"

బయట వాన మాత్రం చప్పట్లు కొట్టింది.

"మూడో వంతు ఎందుకు సారూ? సగం ఎందుకు గాదు?" అంది పొజ్జే.

"సూత్రం తల్లీ. సూత్రం కట్టాక కాపురం చెయ్యాలి గానీ ఎందుకని అడక్కూడదు."

"చూడంది నేను రాయను."

ఈ మాట ఆమె ఎనిమిది రోజుల్లో ఎనభైసార్లు అని ఉంటుంది. మొండితనం అనుకున్నాడు మాస్టారు. మూడో రోజున ఆయతు చెవిలో చెప్పాడు. పన్నెండేళ్ళ కిందట ఎవరో సార్లు వచ్చి, చదవడం రాని పొజ్జే చేత ఒక కాగితం మీద వేలిముద్ర వేయించుకుపోయారు. అందులో ఏం రాసుందో ఆమెకు తెలిసేసరికి, ఆ కాగితం చూపించి తమ్ముణ్ణి తీసుకుపోయి ఏడాది గడిచింది. ఆ తరవాతే ఆమె అక్షరాలు నేర్చుకుంది. కంటితో చూడని దేని కిందా మళ్ళీ తన చెయ్యి పెట్టలేదు.

అందుకే త్రిభుజం దీర్ఘచతురస్రంలో సగం ఎందుకో ఆకు మడిచి చూసుకుంది. పై విలువ పైవాడిచ్చాడంటే ఒప్పుకోక కుండ చుట్టూ, గంజు చుట్టూ, చివరికి ఆయతు తల చుట్టూ దారం తిప్పి చూసింది. ఆయతు తల గుండ్రం కాదని కూడా ఆ పూటే తేలింది. చూసినవన్నీ ఇక మరవదు. చూడనివాటికి పేజీ ఖాళీగా వదిలేస్తుంది. రెండుసార్లు తప్పింది అలాగే.

"గంత పంచాతి ఎందుకు? పోసి చూస్తే పాయె," అన్నాడు ఆయతు గుమ్మంలోంచి.

వంటగదిలోంచి వెదురుబొంగు నరికి చేసిన సోల తెచ్చాడు. అంతకంటే నిఖార్సైన స్థూపం ఏ పుస్తకంలోనూ లేదు. పెద్ద ఆకు చుట్టి, వెదురు పుల్ల గుచ్చి పొట్లం చేశాడు. మూతి సోల మూతంత, లోతు సోల లోతంత. అచ్చమైన శంకువు.

మాస్టారు సోల వైపూ పొట్లం వైపూ మార్చి మార్చి చూశాడు. మూడో వంతు, మూడో వంతు అని ఇరవై రెండేళ్ళు అరిచాడు గానీ ఒక్కసారి పోసి చూసిన పాపాన పోలేదు. మూడు రాకపోతే? ఏదో ఒక పనుందని లేచిపోదామంటే ముందు వాగు. మరో పక్కకు పోదామంటే వెనక వాగు. లెక్కలేనన్ని లెక్కలు చెప్పినవాడు ఒక పొట్లం ముందు కట్టేసిన మేకలా కూర్చున్నాడు.

పొజ్జే పొట్లం నిండా బియ్యం నింపి సోలలో వొంపింది. ఒకటి. మళ్ళీ నింపి వొంపింది. రెండు. మూడో పొట్లం సగం వొంపేసరికి సోల అంచుదాకా నిండిపోయింది.

"రెండున్నర," అంది పొజ్జే. మళ్ళీ పోసింది. మళ్ళీ రెండున్నరే. "పుస్తకం అబద్ధమా సారూ, బియ్యం అబద్ధమా?"

మాస్టారు సుద్దముక్క బల్ల మీద పెట్టేశాడు. వరండాలోకి వెళ్ళి నీళ్ళు చూస్తూ నిలబడ్డాడు. ఎర్రటి నీళ్ళు, వాటి మీద కొట్టుకుపోయే కొమ్మలు. లెక్క నిజం, ఎక్కడైనా నిజం, ఢిల్లీలో నిజం, ఉసూర్‌లో నిజం అని మొన్ననే బల్ల గుద్దాడు. "ఢిల్లీల సోల ఎంతుంటది సారూ?" అని ఆమె అప్పుడే అడిగింది.

వెనక ఆయతు మధ్యాహ్నం వంటకు బియ్యం కొలుస్తున్నాడు. సోల నిండాక కూడా పోస్తూనే ఉన్నాడు. పైన గోపురంలా శిగ లేచి, ఇక గింజ నిలవదన్నప్పుడు ఆపాడు.

"ఏటి కాకా, సోల మీద అంత శిగ?"

"శిగ లేకుంట కొలిస్తె ఇంట్ల గింజ నిలుస్తదా? తలగొట్టి కొలిచెటోడు సంతల షావుకారి సారూ, మనిషి గాడు."

మాస్టారు ఒక్క అంగలో లోపలికొచ్చాడు. పొట్లం పట్టుకున్న పొజ్జే చేతివైపు చూశాడు. అక్కడా శిగే! మూతి నిండాక కూడా ఆమె చెయ్యి పోస్తూనే ఉంది. పుట్టినప్పటినుంచీ ఆ చేతికి తెలిసిన నింపడం అదొక్కటే.

"తలగొట్టు పొజ్జమ్మా! అంచుకు సమంగా అరచేత్తో రాసెయ్. శిగ తీసెయ్!"

ఆమె చెయ్యి పొట్లం మీదకు వెళ్ళి ఆగింది. "అన్నం గింజ సారూ. తలగొట్టుడు నాతోని గాదు."

"లెక్క కూడా షావుకారేనమ్మా. ఒక్క గింజ ఎక్కువ ఇవ్వదు, ఒక్క గింజ తక్కువ పుచ్చుకోదు."

"గట్లయితే దానికి దయ లేదా?"

"లేదు. దయ ఉన్నోడి కొలత చెయ్యి చెయ్యికీ మారిపోద్ది. లెక్కకు చెయ్యే లేదు. అందుకే ఎవడు కొలిచినా ఒకటే."

ఈ మాట తన నోట్లోంచే వచ్చిందా అని మాస్టారే ఉలిక్కిపడ్డాడు. అందులో ఒక్క చెణుకూ లేదు.

పొజ్జే పొట్లం మీది శిగవైపు చూసింది. "పోయినసారి పరీక్షల డబ్బాలో ధాన్యం ఎంత పడ్తదని అడిగిన్రు," అంది మెల్లగా. "నేను శిగ గూడ కలిపి రాసిన. తప్పన్నరు. ఎందుకు తప్పో ఇప్పుడు ఎర్కయింది." కళ్ళు మూసుకుంది. అరచేత్తో పొట్లం మూతిని రాసింది. శిగ జారి కింద పెట్టిన చాటలో పడింది.

ఒకటి. రెండు. మూడు.

సోల నిండింది. ఆయతు నాలుక చప్పరించాడు. మాస్టారు పెళ్ళినాడు కూడా అంత సంతోషపడలేదు. అప్పుడు పొజ్జే వంగి సోల అంచు దగ్గర చిన్న గుంట చూసింది. చాటలోంచి ఒక్కొక్క గింజే తీసి అందులో వేసింది.

"పదిహేడు తక్కువొచ్చినయ్ సారూ."

"అది... ఆకు ముడత. లేకపోతే బియ్యం మధ్య సందులు. చేత్తో పోసినప్పుడు ఆమాత్రం..."

"చేత్తోని పోసినంక చూసింది మూడుకు దగ్గర. మూడే అని ఎట్ల ఎర్క?"

మాస్టారు నోరు తెరిచాడు. నాలుక చివర ఒక మంచి చెణుకు సిద్ధంగా ఉంది. పదిహేడు గింజలూ గింజుకుంటున్నాయనో ఏదో. దాన్ని మింగేశాడు.

"తెలదమ్మా," అన్నాడు. "ఎవరో ఎప్పుడో రుజువు చేశారు. రుజువు ఉంది. నాకు రాదు. ఇరవై రెండేళ్ళుగా రాదు."

ఇక ఈమె పుస్తకం మూసేస్తుందనీ, కుర్చీ చేజారిందనీ, తన మూలంగానే జారిందనీ అనుకుంటూ తల వంచుకున్నాడు. పారిపోవడానికి నేల కూడా లేదు.

"ఎనిమిది రోజులకు ఒక్క నిజం జెప్పినవ్ సారూ," అంది పొజ్జే. పుస్తకం తెరిచే ఉంది. "తర్వాత లెక్క జెప్పు."

శుక్రవారం తెల్లవారేసరికి ముందు వాగు నడుము లోతుకు దిగింది. పొజ్జే హాల్ టికెట్టూ పెన్నూ ప్లాస్టిక్ సంచిలో చుట్టి నెత్తిన కట్టుకుంది. ఆయతు ఇచ్చిన వెదురు గడ పట్టుకుని దిగింది. సాగనంపుదామని మాస్టారూ మోకాలి దాకా దిగి, కాళ్ళ కింద ఇసుక కదలగానే గట్టుకు ఎగబాకాడు. ఆమె అవతలి ఒడ్డున ఒకసారి వెనక్కి తిరిగి, తడి జుట్టు పిండుకుని, అడవి దారి పట్టింది. ఆయన మాత్రం ఆ రోజంతా ఆ సోలతో, ఆ పొట్లంతో ఒకే గదిలో బందీ. పోసినప్పుడల్లా మూడే. ప్రతిసారీ కొన్ని గింజలు అటో ఇటో.

ఆమె మర్నాడు మధ్యాహ్నం తిరిగొచ్చింది.

"శంకువు వచ్చిందా?"

"వచ్చింది. మూడో వంతు అని రాసిన."

"బతికించావు తల్లీ!"

"కింద గిట్ల గూడ రాసిన. ఇది నేను సోలతోని చూసిన, పదిహేడు గింజలు తేడా వచ్చింది, గవి ఎందుకొచ్చినయో మా గవర్రాజు సారు వెతుకుతున్నడు అని."

"నా పేరు రాశావా!"

"వెతుకుతున్నవ్ గదా సారూ? నేను చూసిందే రాసిన." ఆయన చేతిలో పొట్లం ఇంకా ఉంది.

నెలన్నర తరవాత ఫలితాలొచ్చాయి. ముప్పై మూడు వస్తే చాలు, పొజ్జేకు ముప్పై ఆరొచ్చాయి. కుర్చీలో కూర్చున్న మూడో రోజున సైకిలేసుకుని ఉసూర్ వచ్చింది. మాస్టారి వాకిట్లోకి అడుగు పెడుతూనే, "కుర్చీ వచ్చింది సారూ. గింజల సంగతి ఏమాయె?" అంది.

మాస్టారు నేల మీద కూర్చుని ఉన్నాడు. ముందు చపాతీల దొంతర. అడుగున పళ్ళెమంత, పైకిపోయేకొద్దీ చిన్నవవుతూ చివరకు రూపాయి బిళ్ళంత.

"శంకువంటే చపాతీల దొంతరేనమ్మా! కాకపోతే అంచులు మెట్లు మెట్లుగా వస్తున్నాయి. పదింటితో పేరిస్తే మూడో వంతు కంటే చాలా ఎక్కువొస్తుంది. అదే ఎత్తులో సన్నంగా ఇరవై పేరిస్తే తేడా తగ్గింది. ఇంకా పోలేదు."

"పొద్దుటి నుంచీ ఇదే వరస," అంది గంగారత్నం లోపల్నుంచి. "తినడానికి ఒక్కటి మిగలనివ్వడం లేదు. ఆ శిఖరం ఎక్కి కూర్చోమను."

పొజ్జే దొంతర పక్కన కూర్చుంది. పక్కనుంచి చూసింది, పైనుంచి చూసింది. మెట్ల మీద వేలు నడిపింది. తరవాత లేచి లోపలికి వెళ్ళి గంగారత్నం చేతిలోని బేలన్ అందుకుంది.

"ఇంకా సన్నగ వత్తాలె సారూ," అంది.