వంకలోకి దిగని తల్లులు

మడకశిర పక్కన ఆ ఊళ్ళో వంక అంటే ఇసుకే. నీళ్ళు పారే చోటన్న సంగతి జనం ఎప్పుడో మరిచిపోయారు. అందుకే తిప్పయ్య గొర్రెపిల్లలకు ఆ వంకలోనే కంపతో దొడ్డి కట్టాడు. గట్టు మీద గాలి కోస్తుంది, కింద మెత్తగా, వెచ్చగా ఉంటుంది. చేను ఎండిపోయిన ఇంటికి ఈ ఏడు బతుకంతా ఆ పిల్లల మీదే.

సాయంత్రం మంద తిరిగొచ్చిందంటే రోజూ ఒకటే సంబరం. కింద పిల్లలు అరుస్తాయి, పైనుంచి తల్లులు బదులిస్తూ ఉరికి దిగుతాయి. వాటి కాళ్ళకు అడ్డం పడకుండా తప్పుకోవడమే తిప్పయ్య పని.

ఆ రోజు తల్లులు గట్టు మీదే నిలబడిపోయాయి. ముందు నడిచే చుక్కగొర్రె చెవులు నిక్కించి ఎగువకు, కర్ణాటక దిక్కుకు చూస్తోంది. కింద పిల్లలు ఆకలికి గొంతు చించుకుంటున్నాయి. పొదుగులు చేపి పాలు కారుతున్నా ఒక్క తల్లీ కదలదు. నెత్తిన చూస్తే మబ్బు తునక లేదు.

అసలే తిప్పయ్యకు ముక్కు మీద కోపం. చుక్కగొర్రె వీపు మీద కట్టెతో ఒకటిచ్చాడు. అది పక్కకు జరిగింది గాని దిగలేదు. మళ్ళీ కట్టె ఎత్తేసరికి, గట్టు మీద కూర్చుని పిల్లలకు కాపలా ఉన్న భార్య తిరుపాలమ్మ వచ్చి చెయ్యి పట్టుకుంది.

"కొట్టొద్దయ్యా. పిల్ల అరుస్తాంటే పాలతల్లి ఊరికే నిలబడ్తాదా? ఏమో ఉండాది."

"ఏముంటాది? నక్కో, పామో."

"పైన యాడన్నా వాన పడిందేమో. పిల్లల్ని పైకి తెద్దాం. ఏమీ లేకుంటే మళ్ళా దించుకుందాం. పోయేదేముంది, కాళ్ళనొప్పులే కదా."

తిప్పయ్య గొణుక్కుంటూనే దిగాడు. కంబళిలో పిల్లలను వేసి, చెరో కొస పట్టుకుని గట్టెక్కించారు. మళ్ళీ దిగారు, మళ్ళీ మోశారు. ఆఖరి విడతకు కాళ్ళకింద ఇసుక తడిసింది. తిప్పయ్య గొణుగుడు ఆగిపోయింది. మిగిలిన పిల్లలను చంకల్లో ఇరికించుకుని, భార్యను ముందు నడిపించి పైకెక్కాడు. ఎర్రనీళ్ళు మొద్దులను దొర్లించుకుంటూ వచ్చి, చూస్తుండగానే దొడ్డిని ఎత్తుకుపోయాయి.

తల్లులు వాసన చూసి తమ తమ పిల్లలను దగ్గరికి తీసుకుంటున్నాయి. తిప్పయ్య చుక్కగొర్రె పక్కన కూలబడి, దెబ్బ తగిలిన చోట నిమిరాడు. "తప్పయిపోయిందమ్మా" అన్నాడు. ఇన్నాళ్ళూ మందను తానే కాస్తున్నాననుకున్నాడు పాపం.

నీళ్ళ హోరు విని పక్క చేని లింగప్ప ఉరికొచ్చాడు. జరిగింది విని, "గండం తప్పింది తిప్పన్నా. గంగమ్మకు ఒక పిల్లను కోసి మొక్కు తీర్చుకో" అన్నాడు. ఆ ఊరి ఆనవాయితీ అదే.

"టెంకాయ కొడతానప్పా."

"టెంకాయతో సరిపెడితే అమ్మ ఒప్పుకుంటాదా?"

"గంగమ్మ వస్తాండాదని చెప్పింది ఈ తల్లులే. వాటి పిల్లనే కోసి దండం పెడితే ఆయమ్మే నన్ను ఛీ అంటాది."

తిప్పయ్య లేచి పారే నీళ్ళకు దండం పెట్టాడు. మందకు పెట్టాడు. ఆ చేతులు దించకుండానే భార్య వైపు తిరిగాడు. అతని కళ్ళ నిండా నీళ్ళున్నాయి.

తిరుపాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఊరుకోయ్యా, లింగప్పన్న చూస్తాండాడు."

"చూడనీలే" అన్నాడు తిప్పయ్య.