బ్యాటు మార్చుకున్న పేర్లు

1998 జూన్ 6, శనివారం సాయంత్రం ఐదూ ఇరవైకి పెనుకొండ ఆఫీసర్ల క్లబ్బులో కోర్టు చూసుకుంటూ సార్లకు బంతులందించే మార్కరు ఇస్సాకు టెన్నిస్ నెట్ విప్పి చుట్టాడు. వాన మొదలైంది. కూతురు నిర్మల బ్యాటును చున్నీలో చుట్టుకుని వరండాలోకి పరిగెత్తింది.

ఆ బ్యాటు ఇరవై నాలుగేళ్ల కిందట ఒక అధికారి బదిలీ అయిపోతూ ఇస్సాకుకు ఇచ్చింది. అప్పుడది కట్టె; మెడ మీద ఎవరో ఆటగాడి సంతకం బంగారు రంగులో ఉండేది. లోకంలో ఎక్కడైనా కొత్త మోడల్ వస్తే అదీ మారిపోయేది. ఉక్కయినప్పుడు సంతకం చెరిపేసుకుని అంకె పెట్టుకుంది. గ్రాఫైటయ్యాక అంకె పక్కన రెండు ఇంగ్లీషు అక్షరాలు మొలిచాయి. మొన్న ఏప్రిల్‌లో టైటానియం కలిసి పిట్టంత తేలికైంది, పేరు బారెడైంది. "ఈసారి పేరేమొచ్చిందప్పా?" అని సెక్రటరీ మురళి అడిగేవాడు, అంతే. ఇస్సాకు చట్రం చుట్టూ కొత్త రంధ్రాలు చూసుకుని వల నరం అల్లేవాడు.

మర్నాడు హిందూపురంలో సెలెక్షన్ మ్యాచ్. గెలిచినమ్మాయికి కాలేజీలో స్పోర్ట్స్ కోటా సీటు. ఓడితే నిర్మలకు ధర్మవరంలో చిన్నమ్మ ఎస్తేరమ్మ దగ్గర మగ్గాలకు కండెలు చుట్టే పనే.

ఇస్సాకు మేకుకున్న చెక్క ప్రెస్సు దించాడు. కట్టె బ్యాట్లు వానకు వంగిపోకుండా అందులో పెట్టి నాలుగు మూలలా మరలు బిగించేవారు.

"నాయనా, ఇదిప్పుడు కట్టె కాదు గదా."

"వాన పడితే బిగించాల్సిందే. నువ్వా నాకు నేర్పేది?"

"మురళి సారు బ్యాటుకు పెట్టవే?"

"సారుది పోతే ఇంకోటి కొంటాడు. మనకు ఇదొక్కటే ఉండాది."

మొదటి మర తిప్పగానే పేరులో చివరి మాట వెలిసిపోయింది. రెండో మరకు అక్షరాలు పోయాయి. కళ్లద్దాల్లేని ఇస్సాకు చూడలేదు. నిర్మల చూసింది. మర మీద పట్టు వదలని ఆయన వేళ్లనూ చూసింది.

"చర్చి దాకా పోయొస్తా" అని వానలోకి వెళ్లిపోయింది.

తెల్లారి మరలు విప్పితే కట్టె బ్యాటు, బంగారు సంతకం.

హిందూపురంలో అంపైరు దాన్ని చేత్తో తూచి, "పాతదైపోయిందే పాపా" అని కోర్టులోకి పంపాడు. 6-1, 6-0తో నిర్మల ఓడింది.

తిరుగు బస్సులో ఇస్సాకు అన్నాడు: "నా చేతులిరగ."

"ఊరుకో నాయనా. సంతకం బాగుండాది."

బుధవారం నిర్మల ధర్మవరం వెళ్లింది. మరో వారానికి ఎస్తేరమ్మ వచ్చి, మాటల్లో చెప్పింది.

"శనివారం సాయంత్రమే చర్చి కాడ బూత్ నుంచి ఫోన్ చేసింది బావా, పని ఖాళీ ఉండాదా అని. నాయనకు చెప్పొద్దు అనె."