లోగిలి మీద శ్లాబు

చెల్లెలు సైటుకు వచ్చేసరికి ఇంటి నడుమ ఆకాశం సగం మూసుకుపోయింది. ఆర్కిటెక్టుగా ఆమె గీసిన ప్లానులో తొమ్మిది చతురస్రాలున్నాయి. ఎనిమిది గదులు, మధ్యలో ఖాళీ గడి. గదులన్నీ ఆ ఖాళీ వైపే తిరిగి ఉంటాయి. ఇప్పుడు ఆ ఖాళీలో కర్రలు నిలబెట్టి, పైన శ్లాబు పోయడానికి సెంట్రింగ్ రేకులు సగం పరిచి, మేస్త్రి తీరిగ్గా టీ తాగుతున్నాడు.

"ఎవరు చెప్పారు మీకు?" అంది.

"అక్కగారేనమ్మా. రేపు పొద్దున కాంక్రీటు," అన్నాడు. మీరూ మీరూ తేల్చుకోండన్నట్టు గ్లాసు పట్టుకుని అవతలికి వెళ్ళిపోయాడు.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. అక్కా తనూ పెరిగిన పాత ఇల్లు కూల్చేసే ముందు టేపు పట్టుకుని అంగుళం అంగుళం కొలిచింది. తన ప్లానులోకి పెంకులు తేలేదు, చెక్కిన స్తంభాలు తేలేదు, చూరూ తేలేదు. అన్నీ వదిలేయగా చివరికి మిగిలింది లోగిలి, ఆకాశానికి తెరిచిన ఒక్క చతురస్రం. ఆ ఇంటి ప్రాణం అదేనని నమ్మింది. పరాయివాళ్ళ కోసం డబ్బాల్లాంటి ఇళ్ళు గీసి గీసి విసిగిపోయిన మనిషి, సొంత అక్క ఇల్లు కట్టుకుంటానంటే ఎగిరి గంతేసింది. తన మనసులోని ఇల్లు ఒక్కటైనా నేల మీద లేస్తుందనుకుంది. నడుమ శ్లాబు పడిందంటే ఇదీ మరో డబ్బానే.

అక్క లోపల కింద కూర్చుని పగిలిన టైల్సు ఏరుతోంది. "వచ్చావా స్కేలమ్మా," అంది తలెత్తకుండానే.

"నాతో ఒక్క మాట చెప్పవా అక్కా?"

"ఎన్నిసార్లు చెప్పలేదు? చెప్పినప్పుడల్లా వెలుతురు గురించి పాఠం చెప్పావు."

"మనింట్లో లేదా లోగిలి? వానొస్తే ఎంత బాగుండేదో."

"నీకు బాగుండేది. గట్టు మీద కూర్చుని బొమ్మలేసుకునేదానివి. తూముకి ఆకులు అడ్డుపడితే మోచేతి దాకా చెయ్యి పెట్టి లాగింది నేను. పాచి గీకింది నేను. జారిపడి ఈ చెయ్యి విరగ్గొట్టుకుందీ నేనే."

ఆ చేతి కట్టు చెల్లెలికి బాగా గుర్తుంది. దాని మీద తనే పువ్వులు గీసింది. అక్క ఎక్కడ పడిందో మాత్రం గుర్తు లేదు.

"పోనీ, సగం కప్పుదాం," అంది మెత్తబడి.

"సగం వాన పడుతుందా?"

చెల్లెలు ప్లాను తీసి నేల మీద పరిచింది. "చూడు. నీళ్ళు ఇక్కడ దిగిపోతాయి."

అక్క వంగి చూసింది. గదికీ లోగిలికీ మధ్య మెట్టు లేదు. నేలంతా ఒకే మట్టం. గీత చెడకూడదని మెట్టు తీసేసింది చెల్లెలే. తూముకు బదులు అంచు వెంట వెంట్రుకంత సందు.

"ఇందులోంచి ఆకులు పోతాయా?"

"అప్పుడప్పుడూ శుభ్రం చేస్తే చాలు."

"ఎవరు?"

చెల్లెలి వేలు ఆ సందు గీత మీదే ఆగిపోయింది. కోపం తగ్గలేదు సరికదా, ఏడుపొచ్చేంత పెరిగింది. దాన్ని ఎవరి మీద చూపించాలో తెలియలేదు.

గుమ్మంలోంచి మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, కాంక్రీటు బండికి చెప్పేయమంటారా?"

అక్క మళ్ళీ టైల్సు ఏరసాగింది. చెల్లెలు ప్లాను వైపు చూసింది. మధ్య గడి తెల్లగా, మచ్చ లేకుండా ఉంది. పాత ఇంట్లో తాను చూసిన లోగిలి కూడా ఎప్పుడూ ఇంత శుభ్రంగానే ఉండేది.

"చెప్పేయండి," అంది.