అప్పలనరసమ్మ యిసుకమూట

ఓయి పాఠకమహాశయా! చెంబెడు నీళ్లు ముంచుకొనుటకు సైతము ఇల్లాలిని కేకవేయు నీ కోమలబాహువులను దుప్పటిలో దాచికొని యీ కథ నాలకింపుము.

వర్షర్తువు వెనుదిరిగి చూచుచు వీడ్కొనుచుండ చంపావతీనదీసైకతములపై రెల్లుపూలు ధవళచామరములవలె వీచుచుండ నొకానొక ప్రభాతమున నఱువదిమూడేండ్ల యప్పలనరసమ్మ కుచ్చెళ్లు గోచిపోసి తమ యూరి మల్లులు కసరత్తుచేయు తాలింఖానా వాకిట నిలువబడెను.

ఒకప్పు డచ్చటి గురువు ఆమె తండ్రియే. బాల్యమున నామె కుస్తీగోదామట్టిని జల్లెడపట్టి పసుపును నువ్వులనూనెయు కలిపి గడపయొద్ద నందించినదే కాని యాడుదాని పాదము సోకరాదను నియమముచే లోపల నడుగిడి యెఱుగదు. నాకును నేర్పవా నాయనా యను మాట గొంతుకలోనే యుండగా పెండ్లియు పిల్లలును వైధవ్యమును వచ్చిపోయెను. తండ్రియు పోయెను. మాట మాత్రము పోలేదు.

ఇప్పు డచ్చటి పెత్తనము ఆమె తండ్రికి శిష్యుడును చెల్లెలికి మగడునగు సన్యాసిరావుది. ఒక పెండ్లిలో వరుని జోళ్లకు బెల్లపుపాకము పూసి చీమలకు విందుసేసిన ఘనుడాతడు. వదినగారిం జూడగనే యాతని మీసములు హాస్యోత్సాహముచే నిక్కెను.

"ఓలమ్మా వదినా! ముగ్గెయ్యడానికొచ్చావా, కుస్తీకొచ్చావా?"

"గుండెత్తడానికొచ్చాను మరిదీ. ఇజీదసమికి నాయినెత్తీ రాతిగుండు నాను బుజానికెత్తాలి. నేర్పు."

"ఎత్తనేకపోతే?"

"మల్లీ ఈ గడప తొక్కను."

వినోదార్థమే యైనను సన్యాసిరావు సమ్మతించి యొక యిసుకమూటను వాకిటనే యామె ముందిడి దినమున కిరువదిమార్లు ఱొమ్మువఱకు నెత్తి దింపుమని యాజ్ఞాపించెను. ఆమె చేతులు గడుగుకొనుటకై నూతికడకు పోయినతోడనే యాతడు మార్జాలపాదములతో వచ్చి మూట విప్పి రెండు గుప్పిళ్ల యిసుక పోసెను. మఱునాడును పోసెను. నాటినుండి యదియే యాతనికి నిత్యానుష్ఠానమాయెను.

"ఏటి మరిదీ, నిన్నటికన్నా ఇయాల బరువెక్కిపోనాదేటి?"

"బరువెక్కింది మూట కాదొదినా, వయసు!"

ఇట్లనుచు నాతడు పొట్టపట్టుకొని నవ్వుచుండ నామె నిట్టూర్చి మరల మూటకు వంగెడిది. ఒకనాడు మాత్రము చెమటతో దడిసి గడపపై గూర్చుండి యెవరో పిలుతురని వేచియున్న పిల్లవలె లోపలి మట్టివంక నామె చూచుచుండ సన్యాసిరావు గుప్పిటిలోని యిసుక క్షణకాలము జాఱనొల్లదయ్యెను. అయినను కొంటెతన మభ్యాసదోషము గదా. పోసెను.

విజయదశమినాడు హరిద్రాకుంకుమాలంకృతమైన శిలాగోళము చుట్టును గ్రామజనులు మూగి చెవులు కొఱుకుకొనుచుండిరి. అప్పలనరసమ్మ లోని కడుగిడి మోకాళ్లు వంచి బిడ్డను హత్తుకొన్నట్లు గుండును గౌగిలించి యొడినుండి ఱొమ్మునకును ఱొమ్మునుండి భుజమునకును జేర్చి వెనుకకు విడిచెను. నేల ధమ్మనెను. వెనువెంటనే జనఘోష కప్పు నంటెను.

సన్యాసిరావు దాచుకొన్న రహస్య మిక నాగలేదు.

"ఓలొదినా! నీ మూటలో రోజూ దొంగసాటుగా ఇసక పోసిందెవులనుకున్నావు? నానే!"

"ఎరుగుదును మరిదీ. నువ్వు పోస్తావనే నూతికాడ అంతసేపు నిలబడిపోయీదాన్ని. మరేటనుకున్నావు? నాయిన నేర్పే పద్దతే అది. తెలిస్తే శిస్యులు బెదురుతారని రోజుకింత సాటుగా పోయించీవోడు."

"పోయించీవోడా? ఎవులిసేత?"

"నాసేతే. మూటలు వాకిట్లోనే ఉండీవి. నీ మూటలోనూ నానే పోసేను. నాను పనికిరాను గురువుగోరూ అని నువ్వు గొల్లుమంటే, తలుపెనకాల నవ్వాపుకోనేక సచ్చీదాన్ని."

జనులు గొల్లున నవ్విరి. సన్యాసిరావు ఏబదియేండ్ల క్రిందట తా నేడ్చినప్పుడు తలుపుచాటున వినవచ్చిన సవ్వడిని గాజుల మ్రోత యని నేటివఱకును నమ్మియుండెను పాపము.

నవ్వులు సద్దుమణిగినపిమ్మట నప్పలనరసమ్మ మెల్లగా ననెను:

"అందరి మూటల్లోనూ పోసేను మరిదీ. నా మూటలో పోసీవోడే నేకపోయాడు. నాను అడిగితే నువ్వు పోసీవోడివా? అందికే అడగనేదు."

అని కొంగు బిగించి యామె గుండును మరల నెత్తుటకై వంగెను.