కాశమ్మ కొట్టేయించిన ‘బట్’

నేను ఒక పలకను. పిల్లలు అక్షరాలు దిద్దుకున్న పలకనని అనుకోకండి. నా మీద ఏ పిల్లా ఎప్పుడూ ‘అ’ రాయలేదు. నా మీద రాసింది నలభై రెండేళ్ళ ఆడమనిషి. అదీ ఎడమ చేత్తో. అదీ ఇంగ్లీషులో.

నేను పుట్టింది మార్కాపురం దగ్గర గనిలో. ఎన్ని వేల ఏళ్ళు పొరల మధ్య పొరగా పడి ఉన్నానో నాకు లెక్క లేదు. ఒకనాడు నన్ను పైకి తీసి, ఉలితో పొర విడదీసి, లారీలో పలకల ఫ్యాక్టరీకి తోలారు. కోత మిషను దగ్గర నన్ను అందుకున్నది కాశమ్మ. ఇరవై రెండేళ్ళుగా ఆమె పని అదే, వంకరటింకర రాళ్ళను చదరంగా కోయడం. రాయిని వేలితో తట్టి, మోగిన తీరును బట్టి లోపల పగులుందో లేదో చెప్పేసేది. నన్నూ తట్టి చూసింది.

“ఇది గట్టిది,” అంది పక్కన రాళ్ళు అందిస్తున్న హుస్సేన్‌బీతో.

నా గురించి మనుషులు అన్న మొదటి మాట అది. విశేషణమంటే ఏమిటో నాకు అప్పటికి తెలియదు గానీ, ఒక మంచి మాట మీద పడితే ఎలా ఉంటుందో తెలిసింది.

ఆ మిషనుకు గిర్రున తిరిగే రంపపు చక్రం ఉంటుంది. దాని మీద ఇనుప రేకు మూత ఉండాలి. మూత ఉంటే రాయిని తిప్పడానికి ఆలస్యమవుతోందని మేనేజరు పెదవెంగయ్య అంతకు నాలుగు నెలల ముందే దాన్ని ఊడదీయించాడు. కాశమ్మ రెండుసార్లు అడిగింది. “చూద్దాంలే” అన్నాడు రెండుసార్లూ. ఆ రోజు చక్రం నన్ను పట్టి ఒక్క గుంజు గుంజింది. నా మూల ఒకటి విరిగి ఎగిరిపోయింది. కాశమ్మ కుడిచేతి రెండు వేళ్ళు సగానికి పోయాయి. జరిగింది అంత దగ్గరగా చూసింది నేనొక్కదాన్నే. రాయిని సాక్ష్యానికి పిలిచే అలవాటు మనుషులకు లేదు.

మూల విరిగిన నేను పనికిరాని సరుకులో పడ్డాను. హుస్సేన్‌బీ నన్ను ఏరి, పాత చట్రం ఒకటి బిగించి, ఆస్పత్రి నుంచి వచ్చిన కాశమ్మకు తెచ్చి ఇచ్చింది. “నువ్వు కోసిన ఆఖరుది అక్కా,” అని మంచం మీద పెట్టి ఏడ్చింది. మర్నాటి నుంచి ఆ మిషను మీద హుస్సేన్‌బీనే నిలబెట్టారు. మూత మాత్రం ఇంకా పెట్టలేదు.

గాయం మానాక కాశమ్మ ఫ్యాక్టరీకి వెళితే గేటు దగ్గరే ఆపేశారు. వారం తిరక్కుండా కార్మిక శాఖ ఆఫీసు నుంచి కవరు వచ్చింది. అందులో విచారణ తేదీ, ఫ్యాక్టరీ పంపిన రిపోర్టు నకలు ఉన్నాయి. అంతా ఇంగ్లీషు. అడుగున ఆమె వేలిముద్ర ఉంది. ఆమె ఎనిమిదో తరగతి దాకా చదివింది, సంతకం చేయగలదు. కుడిచేతికి కట్టు ఉన్నప్పుడు ఫ్యాక్టరీ గుమాస్తా ఆస్పత్రికి వచ్చి, సెలవు కాయితమని చెప్పి ఎడమ బొటనవేలు అద్దించుకుపోయాడు.

ఆ కాయితం పట్టుకుని కాశమ్మ రాహేలు టీచరమ్మ ఇంటికి వెళ్ళింది. చర్చి వీధిలో ఉండే ఆ టీచరమ్మ ఒకప్పుడు ఆమెకు బళ్ళో ఇంగ్లీషు చెప్పింది. ఇప్పుడు రిటైరై, పెరట్లో జామచెట్టు కింద కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. కళ్ళజోడు సర్దుకుని చదివింది.

“‘షి ఈజ్ ఎక్స్‌పీరియన్స్‌డ్ బట్ కేర్‌లెస్.’ అనుభవం ఉంది గానీ అజాగ్రత్త మనిషి అని రాశారే. ‘షి ఈజ్ రెస్పాన్సిబుల్ ఫర్ ద యాక్సిడెంట్.’ ప్రమాదానికి బాధ్యత నీదేనంట.”

కాశమ్మ కాయితం వెనక్కి తీసుకుని ఆ వరుస మీద వేలు పెట్టింది.

“ఆ మాట నిలబడితే మిషను తప్పేం లేదని తేలిపోయిద్ది గదా టీచరమ్మా. ఇంక మూత ఎందుకు పెడతారు? రేపు హుస్సేన్‌బీ చెయ్యి పోయిద్ది.”

“విచారణకు నేనొస్తా. నీ తరఫున నేను మాట్లాడతాలే.”

“మీరు రండి. మాట్లాడేది మాత్రం నేనే. నా గురించి రాసింది నేను చదవాల. నలభై రోజులుంది. ఈ ఒక్క పేజీ నేర్పండి చాలు.”

అలా నా మీద చదువు మొదలైంది. రోజూ పొద్దున్నే నన్ను చంకలో పెట్టుకుని వచ్చేది. ఎడమ చేత్తో బలపం పట్టుకుంటే అక్షరాలు తాగినోళ్ళలా తూలేవి. టీచరమ్మ నవ్వేది కాదు. నాకే నవ్వొచ్చేది. తూలుతున్నది నా మీద మరి!

“మనిషి ఎట్టాంటిదో చెప్పే మాట ఒంటరిగా రాదే కాశమ్మా,” అనేది టీచరమ్మ. “ముందో వెనకో తోడు తెచ్చుకుంటది. ‘అండ్’ వస్తే రెండు మాటలూ ఒక వైపు నడుస్తాయి. ‘స్ట్రాంగ్ అండ్ స్టెడీ.’ ‘బట్’ వస్తే రెండోది ఎదురు తిరుగుతుంది. వినేవాడి చెవిలో ఆ రెండోదే మిగులుతుంది.”

కాశమ్మ నా మీద ‘ఎక్స్‌పీరియన్స్‌డ్ బట్’ అని రాసి, ఆ ‘బట్’ కేసి ఉరిమి చూసింది.

“ఇరవై రెండేళ్ళ పనిని మూడక్షరాలతో ఊడ్చేశాడు గదా!”

తర్వాత తోకల సంగతి వచ్చింది. ఎట్, ఆఫ్, ఫర్, విత్. ఏ మాటకు ఏ తోక అతుకుతుందో ఇంగ్లీషు వాళ్ళకే తెలియాలి. కాశమ్మ ‘గుడ్ ఇన్ కటింగ్’ అని రాస్తే టీచరమ్మ కొట్టేసి ‘ఎట్’ పెట్టింది. ‘ప్రౌడ్’ పక్కన ‘ఆఫ్’. ‘ఆంగ్రీ’ పక్కన మనిషైతే ‘విత్’. ఎందుకని అడిగితే అంతేనంది. ఇన్ని దేశాలు ఏలినవాళ్ళు తమ మాటలకు ఒక పద్ధతి పెట్టుకోలేకపోయారే అని నాకు జాలేసింది.

ముప్పయ్యో రోజున కాశమ్మ బలపం కింద పెట్టేసింది.

“టీచరమ్మా, ‘రెస్పాన్సిబుల్’కి ‘ఫర్’ అని తోక పెట్టారు. ప్రమాదానికి అని తెలుస్తాంది. ‘కేర్‌లెస్’కి తోకేదీ? దేంట్లో అజాగ్రత్త?”

“తోక లేకపోయినా వ్యాకరణం ప్రకారం తప్పు లేదు.”

“వ్యాకరణం మాట కాదమ్మా. దేంట్లోనో చెప్పకుండా అంటే అది రిపోర్టు కాదు, తిట్టు.”

టీచరమ్మ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. ముప్పై ఏళ్ళు ఈ పాఠం చెప్పింది. ఈ ప్రశ్న ఎవరూ అడగలేదంది.

విచారణ రోజున నన్ను సంచిలో పెట్టుకుని కాశమ్మ ఆఫీసుకు వెళ్ళింది. టీచరమ్మ తోడు వచ్చింది. హుస్సేన్‌బీ పని మానేసి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. సాక్ష్యం చెబితే కొలువు పోతుందని ఆమెకు తెలుసు. అధికారి నడివయసు మనిషి, విసుగ్గా ఉన్నాడు. పెదవెంగయ్య ఇస్త్రీ చొక్కాలో, నవ్వుతూ కూర్చున్నాడు.

“ఈ రిపోర్టు మీద నువ్వు చెప్పేదేమన్నా ఉందామ్మా?”

కాశమ్మ నన్ను బల్లమీద నిలబెట్టింది. పొద్దున్నే రాసుకున్న ‘కేర్‌లెస్ ఆఫ్’ అనే రెండు మాటలు నా మీద ఉన్నాయి. వాటి వెనక ఖాళీ.

“ఉందయ్యా. ఒక్కటే అడుగుతా. కేర్‌లెస్ ఆఫ్ వాట్?”

అధికారి మొదటిసారి ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత పెదవెంగయ్య వైపు తిరిగాడు.

“చెప్పండి. దేని విషయంలో అజాగ్రత్త?”

“అదే సార్...” పెదవెంగయ్య తడబడ్డాడు. “మూత విషయంలో. గబగబా కోద్దామని తనే మూత తీసేసింది.”

“ఆ మూత ఇప్పుడెక్కడుంది?”

“మిషను మీదే ఉంది సార్.”

“లేదయ్యా!” గుమ్మం దగ్గర నుంచి హుస్సేన్‌బీ అరిచింది. “ఇప్పుడా మిషను మీద నేనే చేస్తుండా. మూత లేదు. ప్రమాదానికి నాలుగు నెలల ముందే తీసేసి మంచినీళ్ళ డ్రమ్ము మీద పెట్టినారు. మేమంతా దాన్ని ఎత్తే నీళ్ళు ముంచుకుంటాం. రండి, చూపిస్తా!”

అధికారి జీపు తీయించాడు. మధ్యాహ్నానికల్లా అందరం ఫ్యాక్టరీలో ఉన్నాం. తుప్పుపట్టిన ఇనుప రేకు నిజంగానే నీళ్ళ డ్రమ్ము మీద ఉంది. హుస్సేన్‌బీ దాన్ని ఎత్తి తెచ్చి మిషను మీద పెట్టింది. నాలుగు మరమేకుల చిల్లులూ సరిగ్గా కుదిరాయి. మిగతా మూడు మిషన్లవీ గోదాము మూలలో దొరికాయి. పెదవెంగయ్య ఇస్త్రీ చొక్కా చెమటకు వీపుకు అతుక్కుపోయింది.

ఆఫీసుకు తిరిగొచ్చి అధికారి ఉత్తర్వు చెబుతుంటే గుమాస్తా టైపు చేశాడు. ‘కేర్‌లెస్’ పోయింది. ‘రెస్పాన్సిబుల్ ఫర్’ యాజమాన్యం పేరు పక్కకు వెళ్ళింది. ఆమెను మళ్ళీ పనిలోకి తీసుకోవాలని, మూతలన్నీ వారంలోగా బిగించాలని రాయించాడు. చివర్లో ఆయనకు మనసు కరిగినట్టుంది. “ద వర్కర్ ఈజ్ ఎ పూర్ బట్ హానెస్ట్ వుమన్,” అని చెప్పి కాశమ్మ వైపు దయగా చూశాడు.

“అయ్యా, ఆ ‘బట్’ తీసేయండి.”

టైపు మిషను ఆగిపోయింది. గెలిచిన మనిషి దణ్ణం పెట్టి వెళ్ళిపోవాలి గదా! టీచరమ్మ కాశమ్మ కొంగు పట్టి లాగింది. ఆమె కదల్లేదు.

“మంచిమాటే రాయించానమ్మా.”

“మంచిమాటేనయ్యా. దాని ముందర ‘బట్’ ఎందుకు? పేదోళ్ళు నిజం చెప్తే అంత వింతా? ‘అండ్’ పెట్టండి. లేదంటే రెండూ తీసేయండి. నాకేం తక్కువ కాదు.”

“పేజీ మొత్తం మళ్ళీ కొట్టాలి సార్,” అని గుమాస్తా గొణిగాడు.

అధికారి టైపు మిషనులోంచి కాయితం లాగి కలం అందుకున్నాడు. కోపమొచ్చిందో, సిగ్గేసిందో, ముఖం ఎర్రబడింది. చివరికి ‘బట్’ మీద అడ్డంగా గీత గీసి, పైన ‘అండ్’ రాశాడు.

“కొట్టు,” అన్నాడు గుమాస్తాతో.

మూతలు ఆ శనివారానికే బిగించారు. కాశమ్మను రాళ్ళు తట్టి మంచీ చెడ్డా ఏరే పనిలో పెట్టారు. హుస్సేన్‌బీ కొలువు జోలికి ఎవరూ పోలేదు. పెదవెంగయ్య అప్పట్నుంచి “కాశమ్మగారూ” అనడం మొదలుపెట్టాడు. పళ్ళు బిగబట్టే అనుకోండి, కానీ అనేవాడు.

తర్వాత ప్లాస్టిక్ పలకలొచ్చాయి. ఫ్యాక్టరీ మూతబడింది. నా చట్రం వదులైంది, ఒంటి నిండా గీతలు పడ్డాయి. మొన్న పాత వస్తువులు పోగుచేసే ఒకాయన పట్నం నుంచి వచ్చాడు. నన్ను అద్దాల పెట్టెలో పెడతానని, కింద నా చరిత్ర రాయిస్తానని చాలా మర్యాదగా అడిగాడు. కాశమ్మ ఆయనకు మజ్జిగిచ్చింది. నన్ను మాత్రం ఇవ్వలేదు.

“దానికింకా పనుందయ్యా,” అంది.

ఉంది. రేపు పొద్దున హుస్సేన్‌బీ కోడలు వస్తుంది. ఆస్పత్రిలో నర్సు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవాలంట. ముందు నా మీద రాసి, చెరిపి, దిద్ది, ఆ తర్వాతే కాయితం మీదికి ఎక్కించాలి. అద్దాల పెట్టెలో నిద్రపోవాలని నాకేమీ తొందర లేదు.