మిట్ట దగ్గర దిగే మనిషి

మేస్త్రి స్క్రూడ్రైవర్ మొనను ఇంజన్ మూతకు ఆనించి, చెక్క పిడిని పళ్ల మధ్య పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. నలభై ఏళ్లు ఇంజన్ల పక్కన నిలబడి చెవులు సగం పోయాయి. పళ్లకు మాత్రం ఇంకా వినబడుతుంది. నాలుగో సిలిండర్ దగ్గర చిన్న టకటక ఉంది. ఇంజన్ ఆపి, మూత విప్పి, ఒక నట్టును వెంట్రుకవాసి తిప్పి, మళ్లీ స్టార్ట్ చేసి మళ్లీ కరిచిపట్టాడు. టకటక పోయింది.

"ఏమంటోంది?" అని అరిచాడు బావ, తిరగేసిన డబ్బా మీద కూర్చుని. ఆయన మేస్త్రి భార్యకు అన్న. దర్జీ పని మానేసి రెండేళ్లయింది.

"ఆకలంటోంది," అని మేస్త్రి పెట్రోలు వదిలే కార్బురేటర్ మర పావు చుట్టు తిప్పాడు. ఇంజన్ గొంతు నిండింది.

కారు అతని పెళ్లికన్నా పాతది. గుండ్రటి లైట్లు, వెలిసిన పాలరంగు, కాస్త పైకెత్తితే గాని పడని కుడి తలుపు. పనిచేసే షెడ్డు యజమాని వద్దనుకుని ఇచ్చేసినదాన్ని అతను రేకురేకుగా అతికి నిలబెట్టాడు. ఒక్క లోపం మాత్రం ఉండిపోయింది. ఇల్లు మిట్ట మీద ఉంది. ఆ చిన్న ఇంజన్ ఇద్దరిని మోసుకుని మిట్ట ఎక్కేది కాదు. సగంలో వణికి ఆగిపోయేది. కాపురానికి వచ్చిన కొత్తలో అలా ఆగిన మొదటిరోజే అతని భార్య అడక్కుండానే దిగి వెనక నడిచింది. ఆ తర్వాత ముప్పై ఒక్క ఏళ్లు మిట్ట మొదట్లో దిగుతూనే ఉంది.

మూడు వారాల కిందట ఆమెకు తుంటి ఆపరేషన్ అయింది. ఈరోజు నాలుగింటికి ఆసుపత్రి నుంచి పంపిస్తున్నారు. మిట్ట నడిచి ఎక్కకూడదన్నారు.

"ఒక ఆటో మాట్లాడితే పోయేదిగా బావా," అన్నాడు దర్జీ బావ, ఇరవయ్యోసారి.

"ఆటో ఎక్కడానికైతే ఇన్నేళ్లు ఎందుకు నడిచింది?"

బావ డబ్బాను కారుకు ఇంకాస్త దగ్గరగా జరుపుకున్నాడు.

ఇప్పుడు కారులో బిగించింది తుక్కుకు పోయిన వ్యాను నుంచి తెచ్చిన పెద్ద ఇంజన్. దానికోసం కొత్త బ్రాకెట్లు వెల్డింగ్ చేశాడు, రేడియేటర్‌ను రెండు వేళ్లంత ముందుకు జరిపాడు. మధ్యాహ్నం ఒంటరిగా నడిపితే కారు మిట్టను నవ్వుతూ ఎక్కింది. బావ చప్పట్లు కొట్టాడు. మేస్త్రి తల అడ్డంగా ఊపాడు. ఒక్కణ్ణి ఏ ఇంజనైనా మోస్తుంది. అందుకని బరువు కోసం పాత ఇంజన్‌నే గొలుసు కప్పీతో లేపి డిక్కీలో దించాడు.

"మా చెల్లెలు అంత బరువుందా? ఈ మాట దాని చెవిన వేశానంటే నీకు వారం రోజులు పస్తే."

"నిన్ను కూడా కలిపి లెక్కేశాను బావా."

ఆ బరువుతో సగం మిట్టలో గేరు కర్ర మీది వేళ్లకు గులకరాళ్లు దొర్లినట్టు తగిలింది. సిలిండర్లలో నిప్పురవ్వ పడాల్సిన క్షణం కన్నా ముందే పడుతోంది. కిందికి వచ్చి, ఆ రవ్వను పంచే డిస్ట్రిబ్యూటర్‌ను గోరంత వెనక్కి తిప్పి మళ్లీ ఎక్కించాడు. ఈసారి వేళ్లకు ఏమీ తగలలేదు. అప్పటికే మూడున్నర. చేతులు కడుక్కుని బావను ఎక్కించుకుని బయల్దేరాడు.

ఆసుపత్రి మెట్ల దగ్గర ఆమెను ముందు సీట్లో జాగ్రత్తగా కూర్చోబెట్టారు. సంచి ఒళ్లో పెట్టుకుని బావ వెనక కూర్చున్నాడు.

"దీని గొంతు మారిందేంటండీ?" అందామె.

అతను గేరు మార్చాడు. మిట్ట మొదలైంది. అలవాటుగా ఆమె చెయ్యి తలుపు పిడి మీదికి వెళ్లింది.

"దిగకు," అన్నాడు.

చెయ్యి అక్కడే ఆగింది. కారు పైకి లేచింది. ప్రహరీ గోడలు, దీపస్తంభాలు, కిటికీలు ఒక్కొక్కటే కిందికి జారిపోయాయి.

"ఇంతేనా మిట్ట! ఇంత తొందరగా అయిపోతుందా?" అందామె.

ఇంటి ముందు దిగిన బావ కారు వెనక్కి కుంగి ఉండటం చూసి డిక్కీ ఎత్తాడు. పాత ఇంజన్ అందులోనే ఉంది. దించడం ఇద్దరూ మరిచిపోయారు.

"చెల్లెమ్మా, నిన్ను రెండుసార్లు ఎక్కించాడే మీ ఆయన!"

విషయం తెలిశాక ఆమె నవ్వింది. కుట్లు వేసిన చోట లాగుతుంటే తుంటి పట్టుకుని మరీ నవ్వింది.

బావ వెళ్లాక మేస్త్రి మంచం పక్కన కూర్చున్నాడు. "ఇన్నేళ్లూ..." అన్నాడు.

"కారు కోసం నడిచాననుకున్నారా? పైన గేటు తీసి పట్టుకుని నిలబడేవారుగా. అది చూస్తూ ఎక్కేదాన్ని."

అతను ఆమె పాదాల మీద దుప్పటి సర్దాడు. చాలాసేపు సర్దుతూనే ఉన్నాడు.

ఆ తర్వాత నాలుగు నెలలు ఎక్కడికి వెళ్లినా ఆమె ముందు సీట్లోనే మిట్ట ఎక్కింది. చలికాలంలో ఒక మధ్యాహ్నం అతను భోంచేసి పడుకున్నాడు. మూడింటికి ఆమె పిలిచింది. వినబడలేదేమోనని దగ్గరికి వెళ్లి మళ్లీ పిలిచి భుజం మీద చెయ్యి వేసింది. ఒళ్లు చల్లబడిపోయి ఉంది.

కారు ఇంటి ముందే ఉంది. ఆమె ఎక్కి దిగడానికని కిందటి వారమే అతను చేసిన చిన్న చెక్కపీట ముందు తలుపు కింద ఉంది. కాలు జారకుండా దాని మీద పాత టైరు ముక్క, ఆమె చీర అంచుకు తగలకుండా లోపలికంటా దిగ్గొట్టిన నాలుగు మేకులు.