సంగటికి నిలబడని పొయ్యి

నేను ఒక గోబర్ గ్యాస్ పొయ్యిని. గర్వంగా చెప్పుకోవలసిన మాటే. నాకు మాత్రం సిగ్గుగా ఉంది.

పుణె దగ్గర ఒక రేకుల షెడ్డులో పుట్టాను. నా మీద గిన్నెడు నీళ్లు మరిగించి, మంట నీలంగా ఉందని మెచ్చుకుని, పాసయ్యానని చీటీ అంటించారు. నీళ్లు మరగడమే వంట అనుకునే మహానుభావులు వాళ్లు. అక్కడి నుంచి లారీలో కదిరి పక్క పల్లెకు వచ్చాను.

ఓబులమ్మ వంటింట్లో, పెరట్లోని పేడగుంత నుంచి వచ్చే గొట్టానికి నన్ను తగిలిస్తూ, పొయ్యిలు పంచే సంస్థ మనిషి రాజశేఖరు తన తోటివాడితో చెబుతుంటే విన్నాను. నా ఖర్చు పెట్టింది యూరప్‌లోని ఒక విమాన కంపెనీ. నా వల్ల ఇక్కడ ఎంత కట్టెల పొగ తగ్గితే, తమ విమానాలు వదిలే పొగ లెక్కలోంచి అంత కొట్టేసుకుంటారట. అందుకే నేను చెడితే బాగుచేయించే పూచీ కూడా వాళ్లదే. అంటే నేను దానం కాదు, బేరం. ఆ ముక్క ఓబులమ్మకు ఎవరూ చెప్పలేదు. "ఊరికే ఇస్తాండాం పెద్దమ్మా" అన్నాడు రాజశేఖరు, అంతే.

ఆమె మురిసిపోయింది. కోడలు గంగాదేవికి అప్పుడే నెల తప్పింది. పొగ తగిలితే ఆ పిల్లకు ఉబ్బసం. పొగ దగ్గరికి పోనే పోవద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అందుకే నాకు పసుపు కుంకుమ పెట్టి, మొదటిరోజే సంగటికి ఎసరు పెట్టారు.

నా బండారం అక్కడే బయటపడింది. రాగిపిండి పోశాక సంగటిని కట్టెతో, రెండు చేతులా బలం పెట్టి గెలకాలి. మట్టిలో పాతిన మూడు రాళ్లయితే ఓర్చుకుంటాయి. నా సన్నకాళ్లు ఓర్చుకోలేదు. పక్కకు ఒరిగాను. ఉడుకుతున్న సంగటి ఓబులమ్మ ముంజేతి మీద పడింది. ఆమె కేక ఇంకా నా చెవుల్లో ఉంది. పొయ్యికి చెవులెక్కడివని అడగకండి.

ఆ చెయ్యి పుండై, మానాక కూడా పట్టు చిక్కక, వంటపని కోడలి మీద పడింది, అదీ కట్టెల పొయ్యి మీద. నాకు టీ మిగిలింది. ఆ పిల్లను పొగ నుంచి తప్పించడానికి వచ్చి, పొగ ముందర కూర్చోబెట్టాను.

గంగాదేవి కడుపు కనబడే నాటికి కంపెనీ తరఫున ఒక దొరసాని వచ్చింది. నా మీద కాచిన టీ తాగింది, ఫొటోలు తీసుకుంది.

"దీంట్లో ఏమన్నా కొరత ఉంటే దాయకుండా చెప్పమంటాంది పెద్దమ్మా" అన్నాడు రాజశేఖరు.

చెప్పు తల్లీ, కాళ్లు గట్టివి వేయమని ఒక్క మాట చెప్పు అని లోలోపలే మొక్కుకున్నాను. కానీ దానమిచ్చిన ఆవుకు పళ్లు లెక్కపెట్టే మనిషి కాదామె. పైటకొంగు ముంజేతి మచ్చ మీదికి లాక్కుంది.

"ఏం కొరత లేదు నాయనా. బంగారట్ల మండుతాది. పొగ అనేదే లేదు."

దొరసాని రెండు చేతులూ జోడించింది. ఆ మాటతో ఎక్కడో ఒక విమానం నిశ్చింతగా పైకి లేచి ఉంటుంది.

వాళ్లు వెళ్లాక కోడలు అడిగింది. "ఎందుకత్తా అట్ల చెప్తివి?"

"ఊరికే ఇచ్చినోళ్ల మొగం ముందర వంక ఎట్ల పెడతాం మే?"

సంగటి పొద్దయిందని గంగాదేవి లేచింది. కట్టెలు పేర్చి, ఊదుగొట్టం తీసుకుంది. పొగ లేచేసరికి కడుపుకు తగలకుండా గోడవైపు తిరిగి కూర్చుని, దగ్గుతూ ఉండిపోయింది. జానెడు దూరంలో నేను, మసి అంటకుండా, చల్లగా ఉన్నాను.